సేలియా క్రూస్: పేరు, పాట, తాళం

సంపాదకులకు నమస్కారం.

క్యూబా గాయని సేలియా క్రూస్ పుట్టి 2025 అక్టోబరు 21కి నూరేళ్లు నిండాయి. తెలుగు రాతల్లో ఆమె పేరు 'క్రూజ్' అని, వేదిక మీద ఆమె వేసే కేక 'అజూకర్' అని కనిపిస్తాయి. క్యూబా స్పానిష్‌లో ఈ మాటల్లోని z అక్షరాన్ని 'స' అనే పలుకుతారు. క్రూస్, అసూకర్ అని రాయాలి. అసూకర్ అంటే పంచదార.

ఆమెను సల్సా అనే నృత్య సంగీతానికి రాణి అనడం సరే, కానీ ఆ కిరీటం హవానాలో పెట్టింది కాదు. 1950లో సొనోరా మతన్సేరా బృందంలో చేరి అక్కడ పాడినవి గ్వారాచా (హుషారైన చమత్కార పాట), బొలేరో (నెమ్మదైన ప్రేమపాట) వంటివి. 1960 జులైలో బృందంతో మెక్సికో వెళ్లారు. 1962లో తల్లి పోయినా క్యూబా ప్రభుత్వం రానివ్వలేదు. సల్సా అనే పేరు స్థిరపడింది న్యూయార్క్‌లో. అక్కడి బృంద నాయకుడు జానీ పచేకోతో చేసిన 1974 ఆల్బమ్ ఆమెను అందులో నిలబెట్టింది.

ఇక తాళం. ఈ పాటలకు ఆధారమైన అయిదు దెబ్బల వరుసను క్లావే అంటారు. దానికి సమానంగా 16 వరకు లెక్కపెట్టి 1, 4, 7, 11, 13 మీద చప్పట్లు వేయాలి. చాలామంది తప్పేది నాలుగో దెబ్బ దగ్గరే: మూడేసి చొప్పున వచ్చిన ఊపులో 10 మీద కొట్టేస్తారు. కొన్ని పాటల్లో రెండో సగం ముందొస్తుంది. అప్పుడు 3, 5, 9, 12, 15. ఏ సగం ముందో పట్టుకోకపోతే చప్పట్లు పాటకు అడ్డం పడతాయి, తప్పు గాయనిదేమో అనిపిస్తుంది కూడా!

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం