రాతిపండు భరిణె, దాని పాత యజమానులు

ఒరేయ్ బావా,

నువ్వు పంపిన ఫొటో చూశాను. పండు ఆకారంలో నెఫ్రైట్ (ఒక రకం పచ్చ జేడ్) రాతి భరిణె, బంగారపు అంచు, మూత ఎత్తే చోట రోజ్‌కట్ (అడుగు చదునుగా, పైన గుమ్మటంలా చెక్కిన) వజ్రాలు, ‘ఫాబెర్జే’ అని పేరు, అదే జార్ల కాలపు రష్యా నగల సంస్థ. పేరు చూసి కరిగిపోకు. రాతికి పోటు ముద్ర కొట్టలేరు, పగులుతుంది. ముద్రలన్నీ బంగారం మీదే. పాత అంచు ఊడదీసి కొత్త రాతికి తొడిగితే ముద్ర అసలుదే, భరిణె మాత్రం దొంగది!

పదిరెట్ల భూతద్దంతో అంచు లోపల చూడు. 56 అంటే 14 క్యారెట్లు, 72 అంటే 18. రష్యా పాత లెక్కలో మేలిమి బంగారం అంటే 96. పక్కన చాలాసార్లు కిరీటంలాంటి తలకట్టు పెట్టుకున్న ఆడమనిషి తల ఉంటుంది. అది ఎడమకి తిరిగి ఉంటే 1908కి ముందుది, కుడికైతే తర్వాతది. ఫాబెర్జే దగ్గర పనిపెద్ద మిఖాయిల్ పెర్హిన్ 1903లోనే చనిపోయాడు. ఆయన పేరు పొడి అక్షరాల పక్కన కుడికి చూసే తల ఉందంటే, ఆ భరిణె జోలికి పోకు.

అసలు కీలకం సూదితో గీసినట్టుండే సన్నటి నంబరు. ఫాబెర్జే లండన్ దుకాణం ఖాతాలు 1907 అక్టోబరు నుంచి 1917 జనవరి దాకా మిగిలాయి. కొన్నవాళ్ళ పేరు, వస్తువు వర్ణన, నంబరు, పౌండ్లలో ధర, రూబుళ్ళలో ఖర్చు, అన్నీ అందులో ఉన్నాయి. నంబరొక్కటే కలిస్తే చాలదురా, నకిలీ చేసేవాడూ గీయగలడు. రాతి పేరు, ఆకారం కూడా కలవాలి. పీటర్స్‌బర్గ్‌లో అమ్మినదైతే జార్ కుటుంబానికి వేసిన బిల్లులు వెతకాలి. బిల్లు లేకుండా ‘రాణిగారిది’ అంటే ఒట్టి మాటే. 1918లో ప్రభుత్వం ఆస్తులు లాక్కుంది, తర్వాత సోవియట్‌లు విదేశాలకి అమ్ముకున్నారు. లండన్‌లో వార్ట్‌స్కీ అనే నగల వ్యాపారులు కొన్నవి అలాంటివే. కాబట్టి 1917 తర్వాత యజమానుల జాబితాలో కొన్నేళ్ళు ఖాళీగా కనిపించినంత మాత్రాన బెదరకు.

ఇక రాయి. బోవెనైట్ అనే, చూడ్డానికి అలాంటిదే అయిన రాయిని నెఫ్రైట్ అని అంటగడతారు. అది మెత్తన, అంచులు త్వరగా అరిగిపోతాయి. నెఫ్రైట్ పీచు అల్లుకున్నట్టుంటుంది, అందుకే గట్టిది. అయినా మూతబందు దగ్గరే ముందు బీట పడుతుంది, మూత బరువంతా అక్కడే కదా. బీట అతికినట్టున్న చోట అతినీల కాంతి లైటు వేయించు. పాలనీలంగా వెలిగితే చాలాసార్లు ఈమధ్య పోసిన రెజిన్ (అతికించే జిగురు) అన్నమాట. బందు వదులైందని టంకం వేయించనివ్వకు, ఆ వేడికి రాయి చిట్లుతుంది. ధ్వని తరంగాలతో నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ తొట్టిలో అసలే వేయనివ్వకు.

మూత సగం తెరిచి బందు, అంచు లోపలి భాగం, నంబరు విడివిడిగా ఫొటోలు తీయించి పంపు. ధర మాట ఆ తర్వాతే.

నీ స్నేహితుడు