ప్రసాదుకి: రాత్రిపూట ఎంతమంది ఉంటారో అడిగావా?

బోథెల్, సియాటిల్ దగ్గర, ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ ప్రసాదూ,

నీ మెయిలూ, మీ నాన్నగారిని చేర్పిద్దామనుకుంటున్న ఆ శంకర్‌పల్లి రోడ్డు వృద్ధాశ్రమం బ్రోచరూ చూశాను. ఫోన్లో చెబుదామనే అనుకున్నాను గానీ, ఈ సంగతి మొదలుపెడితే పక్కగదిలోంచి సుజాత వింటుంది. తను వింటే ఆ పూట మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. అందుకే తను గుడికి వెళ్ళిన వేళ చూసుకుని రాస్తున్నా. ఎంత పొడుగవుతుందో నాకే తెలీదు, టీ పెట్టుకుని కూర్చో.

"అమెరికాలో ఇలాంటివి పద్ధతిగా నడుపుతారు కదా, మీ మావగారిని పెట్టారు కదా, ఏమేం చూసుకోవాలో చెప్పు" అన్నావు. పద్ధతి సంగతి తర్వాత చెప్తా. ముందు మాటతోనే తిరకాసు ఉంది. మనకి నర్సింగ్ హోమ్ అంటే ఏంట్రా? గుంటూరు కొత్తపేటలో కింద డాక్టరుగారి క్లినిక్కు, పైన పది మంచాలు, ఆపైన ఆయన కాపురం. కాన్పుకో అపెండిసైటిస్‌కో చేరతాం, నాలుగో రోజుకి ఇంటికొచ్చేస్తాం. ఇక్కడ అలా కాదు. లేవలేని ముసలివాళ్ళు ఉండిపోయే చోటు. చాలామందికి అదే ఆఖరి అడ్రసు. దేశం మొత్తం మీద ఇలాంటివి ఓ పదిహేను వేలున్నాయి, వాటిలో పదమూడు లక్షల మంది దాకా ఉంటారు.

మా మావగారు నీకు గుర్తున్నారా? నా పెళ్ళిలో నీకు ఇంగ్లీషులో క్లాసు పీకారు చూడు, ఆయనే. ముప్పయ్యేళ్ళు రేపల్లె హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన మనిషి. 2019 ఆగస్టులో పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. విచిత్రం ఏంటంటే ఇంగ్లీషు మొత్తం పోయింది. తెలుగు ముక్కలు ముక్కలుగా మిగిలింది. ఆసుపత్రి వాళ్ళు ఎక్సర్‌సైజుల కోసం నర్సింగ్ హోముకి పంపారు. మెడికేర్ అని పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్సు ఒకటుంది. అది అక్కడ మొదటి ఇరవై రోజులు పూర్తిగా, ఆ తర్వాత వందో రోజు దాకా కొంత కడుతుంది. అక్కడితో సరి. ఆపైన మన జేబే. మా వైపు అప్పట్లో నెలకి తొమ్మిది, పది వేల డాలర్లు. కూడబెట్టుకున్నదంతా కరిగి చేతిలో రెండు వేల డాలర్లు మిగిలాక మెడికెయిడ్ అనే పేదల పథకం అందుకుంటుంది. ఈ హోముల్లో పదిమందిలో ఆరుగురు దానిమీదే ఉన్నారు. అది హోముకిచ్చేది తక్కువ. కాబట్టి హోము వాళ్ళ కన్ను ఎప్పుడూ ఎక్సర్‌సైజులకొచ్చే కొత్త మెడికేర్ పేషెంటు మీదే ఉంటుంది. ఏళ్ళ తరబడి పడుకున్నవాడు వాళ్ళ లెక్కలో నష్టం.

ఇంటికి తెచ్చేద్దామని సుజాత గొడవ. నాకేమో నడుం నొప్పి, పిల్లల చదువులు, ఇద్దరికీ ఉద్యోగాలు. ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి మార్చాలంటే ఇద్దరు కావాలి. అక్కడే ఉంచేద్దామన్నది నేనే. ఆ హోము ఎంచుకున్నదీ నేనే. ఎందుకు ఎంచుకున్నానో తెలుసా? లాబీలో పెద్ద అక్వేరియం, ఒక పియానో ఉన్నాయి. లోపలికి రానిచ్చినన్నాళ్ళూ ఆ పియానో ఎవరూ వాయించగా చూడలేదు. నువ్వు పంపిన బ్రోచర్లో ఫౌంటెన్ బొమ్మ చూడగానే అదే గుర్తొచ్చింది.

ఆయన్ని చూసుకునే అమ్మాయి కెన్యా నుంచి వచ్చింది. ఎయిడ్ అంటారు, మన ఆయాల్లాగే. బట్టలు మార్చడం, ఒళ్ళు తుడవడం, తినిపించడం, పుండ్లు పడకుండా పక్కకి తిప్పడం, అసలు పని అంతా వీళ్ళదే. నర్సు మందులిచ్చి పోతుంది, డాక్టరు ఎప్పుడో కనిపిస్తాడు. సుజాత ఒక కాగితం మీద పదిహేను తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి మంచం పక్క గోడకి అంటించింది. నీళ్ళు, నొప్పి, చలి, ఒంటికి, చాలు, ఇలాంటివి. ఆ అమ్మాయి నాలుగు రోజుల్లో నేర్చేసుకుంది. "నొప్పా, తాతా?" అనేది. ఆ "తాతా" మేం రాసింది కాదు, మా చిన్నది పిలవగా విని పట్టుకుంది.

అయితే ఆ పూట ఆ అమ్మాయి చేతికింద పదకొండు మంది. రాత్రి షిఫ్టులో ఇంకా ఎక్కువ. సరిగ్గా మింగలేని మనిషికి అన్నం తినిపించాలంటే ముప్పావుగంట పడుతుంది. పదకొండు మందికి ఎలా కుదురుతుంది చెప్పు? అందుకని సుజాత రోజూ ఆఫీసులో లంచ్ టైముకి పెరుగన్నం మెత్తగా పిసికి డబ్బాలో పట్టుకెళ్ళేది. చిన్న చెంచాతో పెట్టి, మింగారో లేదో గొంతు చూసి, మళ్ళీ పెట్టేది. మేం దాన్ని "నాన్నని చూసి రావడం" అనుకున్నాం. అక్కడ చాలామంది కూతుళ్ళూ, భార్యలూ అదే పని చేసేవాళ్ళు. హోము నడిచిందే వాళ్ళ చేతుల మీద. జీతం లేని ఆయాలన్నమాట. ఇది మాకు అప్పుడు తట్టలేదు.

2020 ఫిబ్రవరి 29. మా ఇంటికి కారులో పదిహేను నిమిషాల దూరంలో కర్క్‌లాండ్‌లో లైఫ్ కేర్ సెంటర్ అనే నర్సింగ్ హోములో కరోనా బయటపడింది. మావగారు ఉన్నది అక్కడ కాదులే. అమెరికాలో ఇలాంటి హోములో మొదటిసారి పెద్దగా అంటుకున్నది అక్కడే. మార్చి 18కల్లా ఆ ఒక్క చోటికి ముడిపడి 167 కేసులు. 101 మంది అక్కడ ఉండేవాళ్ళు, 50 మంది పనివాళ్ళు, 16 మంది చూడ్డానికి వచ్చినవాళ్ళు. జబ్బు పడిన ముసలివాళ్ళలో మూడోవంతు పోయారు. మా కింగ్ కౌంటీలోనే అప్పటికి ఇంకో ముప్పై చోట్ల దాకా పాకింది.

ఎలా పాకిందో ఇక్కడ అంటువ్యాధుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ వాళ్ళు రాశారు. ఒంట్లో బాగోకపోయినా డ్యూటీకి వచ్చినవాళ్ళున్నారు. ఒకేసారి రెండు మూడు హోముల్లో పనిచేసేవాళ్ళున్నారు. మాస్కులు, గౌన్లు వాడకం సరిగ్గా తెలీదు, సరిపడా లేవు కూడా. టెస్టులు లేవు. మన కెన్యా అమ్మాయీ అంతే, పగలు ఇక్కడ, రాత్రి ఇంకోచోట. గంటకి పద్నాలుగో పదిహేనో డాలర్లతో సియాటిల్ చుట్టుపక్కల అద్దె కట్టాలంటే ఇంకెలా? తర్వాత ముగ్గురు పరిశోధకులు సెల్‌ఫోన్ల కదలికలు పట్టి లెక్క కడితే, హోముల్లో ముసలివాళ్ళకి వచ్చిన కేసుల్లో దాదాపు సగం ఇలా పనివాళ్ళు ఒకచోటినుంచి ఇంకోచోటికి తిరగడం వల్లేనని తేలింది. ఇది చెబితే జనం ఆ అమ్మాయిల్ని తిడతారు. నాకు మాత్రం ఒక్క పూర్తి జీతం ఇవ్వకుండా రెండు సగం ఉద్యోగాలు చేయించుకున్నవాళ్ళ మీదే కోపం.

పోనీ వైరస్ కొత్తది కదా, ఎవరికి తెలుసు అంటావేమో. మన కాగ్ లాంటిది ఇక్కడా ఒకటుంది, జీఏవో అని. వాళ్ళు పాత తనిఖీ రిపోర్టులు తిరగేస్తే 2013 నుంచి 2017 వరకు ఐదేళ్ళలో నూటికి 82 హోముల్లో అంటువ్యాధుల జాగ్రత్తల విషయంలో ఒక్కసారైనా తప్పు పట్టారు. చేతులు సరిగ్గా కడుక్కోకపోవడం లాంటివి. చాలావాటిని చిన్న తప్పుల కిందే రాసుకున్నారు. ఇల్లు ఎప్పుడో చెదలు పట్టింది, గాలి తర్వాతొచ్చింది.

మార్చి 13న దేశమంతా తలుపులు మూసేశారు. ఇంట్లోవాళ్ళు రాకూడదు, ఆఖరి ఘడియలైతే తప్ప. అప్పట్లో నేనూ సరే అనుకున్నా, పక్కన కర్క్‌లాండ్‌ని చూసి ఎవడు కాదంటాడు? కిటికీ దగ్గరికి రానిచ్చేవాళ్ళు. మా ఊరి వాన నీకు తెలీదు, పడదు, జల్లుతూనే ఉంటుంది. పూలపొదల మధ్య బురదలో నిలబడి సుజాత అద్దం మీద చెయ్యి పెట్టేది. లోపల ఆ అమ్మాయి ఫోను ఆయన చెవి దగ్గర పెట్టేది. ఆయనకి చెవిలో మాట వినపడుతుంది, అద్దంలో మనిషి కనపడుతుంది, రెండూ ఒకటేనని అర్థం కాదు. కొన్నాళ్ళకి ఐప్యాడ్ తెచ్చారు. దాంట్లో కూతుర్ని చూసి, "ఇది టీవీలో ఎందుకుంది?" అన్నారు. ఇంకోసారి విసుగొచ్చి, "టీవీ కట్టెయ్" అన్నారు. ఆ రోజు మేం నవ్వాం కూడా. సుజాత ఇప్పటికీ అది చెప్పి నవ్వబోయి ఆగిపోతుంది.

మధ్యాహ్నం పెరుగన్నం ఆగిపోయింది. సగంమంది పనివాళ్ళు జబ్బుతోనో భయంతోనో రాలేదు. ట్రే తెచ్చి పెడతారు, అరగంటకి అలాగే తీసుకుపోతారు. మార్చిలో 61 కిలోలున్న మనిషి సెప్టెంబరుకి 48. అప్పుడే బయట తోటలో ఆరడుగుల దూరంలో కూర్చుని చూసుకోవచ్చన్నారు. చక్రాల కుర్చీలో తెచ్చారు. ఆయన సుజాతని చూసి, "మీరెవరమ్మా?" అన్నారు. నవంబరులో పోయారు. టీకాలు ఆ హోములకి రావడం మొదలైంది డిసెంబరు ఆఖరులో. అయినా ఆయనకి టీకాతో పనేముంది, కరోనా రానే లేదు. టెస్టు చేసిన ప్రతిసారీ నెగెటివే. చావు కాగితంలో పక్షవాతం, మతిమరుపు అని ఉంది.

అమెరికాలో 2022 మొదటికల్లా ఈ హోముల్లాంటి చోట్ల ఉండేవాళ్ళూ పనిచేసేవాళ్ళూ కలిసి రెండు లక్షల మంది పైనే కరోనాతో పోయారంటారు. ఆ రెండు లక్షల్లో మా మావగారు లేరు. ఇలా తిండి తగ్గి, మాట తగ్గి పోయినవాళ్ళు వాటిలో ఎవరూ లేరు. కరోనాతో పోయినవాళ్ళని లెక్కపెట్టడంలోనూ తమాషాలున్నాయిరా. న్యూయార్క్‌లో మార్చి 25న ఆరోగ్య శాఖ ఒక ఆర్డరు వేసింది, కరోనా ఉందన్న ఒక్క కారణంతో హోములు పేషెంట్లని వద్దనకూడదని. ఆసుపత్రుల్లో మంచాలు ఖాళీ కావాలి కదా. మే నెలలో వెనక్కి తీసుకునేలోగా తొమ్మిది వేల మంది దాకా ఆసుపత్రుల నుంచి హోముల్లోకి చేరారు. తర్వాత 2021 జనవరిలో ఆ రాష్ట్రం అటార్నీ జనరలే చెప్పింది, హోముల్లో చావుల్ని యాభై శాతం దాకా తక్కువ చూపించి ఉండొచ్చని. హోములో జబ్బుపడి అంబులెన్సులో తీసుకెళ్ళాక ఆసుపత్రిలో పోతే, ఆ చావు హోము ఖాతాలో వెయ్యలేదు. మన రెవెన్యూ వాళ్ళు కూడా సిగ్గుపడే లెక్క.

ఇంకోటి నీకు ప్రత్యేకంగా చెప్పాలి, డబ్బు ఎక్కువ కడితే బాగా చూస్తారని రాశావు కాబట్టి. మాంట్రియల్ పక్కన డోర్వాల్‌లో హెరాన్ అని ఒక ప్రైవేటు హోము ఉండేది. నెలకి మూడు వేల నుంచి పదివేల కెనడా డాలర్లు. 2020 మార్చి ఆఖర్లో పనివాళ్ళు చాలామంది రాలేదు. స్థానిక ప్రభుత్వ ఆరోగ్య సంస్థ నుంచి వెళ్ళినవాళ్ళు చూస్తే ముసలివాళ్ళు తిండీ నీళ్ళూ లేక, తడిసిన పక్కల మీదే ఉన్నారు. ఆ ఒక్క వసంతంలో 47 మంది పోయారు. మొదటి విడతలో కెనడా మొత్తం కరోనా చావుల్లో నూటికి ఎనభై ఇలాంటి చోట్లే. చివరికి మిలిటరీని దింపాల్సి వచ్చింది. ఆ సైనికులు ఒంటారియోలో ఐదు హోముల గురించి రాసిన రిపోర్టులో బొద్దింకలున్నాయి, వారాల తరబడి స్నానం లేనివాళ్ళున్నారు.

ఇంత జరిగాక ఏం మారింది అంటావా? 2024లో ఇక్కడి ప్రభుత్వం ఒక రూలు తెచ్చింది, ఒక్కో మనిషికి రోజుకి కనీసం 3.48 గంటల నర్సింగ్ సేవ అందేలా పనివాళ్ళు ఉండాలని. హోముల వాళ్ళు మనుషులు దొరకరని గోలపెట్టి కోర్టుకెక్కారు. 2025 ఏప్రిల్‌లో టెక్సాస్‌లో ఒక జడ్జి దాన్ని కొట్టేశాడు. అంతే సంగతులు. ఒక్కటి మాత్రం నాకు నచ్చింది. గ్రీన్ హౌస్ అని పది, పన్నెండు మందికే కట్టిన చిన్న ఇళ్ళున్నాయి. ఎవరి గది వాళ్ళకి, మధ్యలో వంటిల్లు, రోజూ అవే మొహాలు. అక్కడ కరోనా కేసులూ చావులూ మామూలు హోముల కంటే బాగా తక్కువ.

ఇప్పుడు నీ శంకర్‌పల్లి రోడ్డు సంగతి. నేను వద్దనను. నీకూ మోకాళ్ళు అరిగాయి, వదిన ఒక్కతే బాబాయ్‌గారిని ఎత్తలేదు. ఎవడైనా "కన్నతండ్రిని ఆశ్రమంలో పడేశాడు" అంటే నా పేరు చెప్పు, నేను మాట్లాడతా. కానీ ఆ బ్రోచర్ ఇరవై నాలుగు పేజీలు చదివాను, ఫౌంటెన్, గుడి, అరిటాకు భోజనం, యోగా మాస్టారు అన్నీ ఉన్నాయి గానీ ఆయాలు ఎంతమందో ఎక్కడా లేదు. నువ్వు పగలు అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళావు కదా, అది చూపులకి వెళ్ళినట్టే. ఈసారి చెప్పకుండా రాత్రి తొమ్మిదింటికి వెళ్ళు. లోపలికి రానివ్వకపోతే అదీ ఒక జవాబే. ఒక్కో ఆయాకి రాత్రి ఎంతమందో అడుగు. మేనేజర్ని కాదు, ఆయానే అడుగు. ఎన్నాళ్ళనుంచి చేస్తోంది, జ్వరం వస్తే సెలవిస్తారా, జీతం కోస్తారా, ఇంకోచోట కూడా చేస్తోందా, ఇవీ అడుగు. వార్డుల్లో ఉచ్చ వాసన వస్తే పరవాలేదు, అక్కడ మనుషులుంటారు. సెంటు వాసన మరీ ఎక్కువ కొడితే కాస్త అనుమానించు. అగ్రిమెంటులో మళ్ళీ ఏదైనా వస్తే ఇంట్లో ఒక మనిషిని లోపలికి రానిస్తామని రాయించుకో. నవ్వుతారు, నవ్వనీ.

ఆయాలు ఏ ఊరివాళ్ళో కూడా కనుక్కో. ఒడిశా నుంచో జార్ఖండ్ నుంచో వచ్చిన పిల్లలైతే మన తెనాలి మాటలు వాళ్ళకేం తెలుస్తాయి? సుజాత రాసిన కాగితం ఇంట్లోనే ఉంది, ఫోటో తీసి పంపిస్తా. హిందీ అక్షరాల్లో నువ్వే రాసుకోవాలి, నాకు రావు. ఇంతకీ బాబాయ్‌గారు నీళ్ళని ఏమంటారు, మంచినీళ్ళా, మంచితీర్థమా? ఆయన ఏది అంటే అదే రాయి.

కారు చప్పుడైంది, సుజాత వచ్చేసింది. శనివారం మీకు పొద్దున ఫోన్ చేస్తా.

నీ
కృష్ణమూర్తి