చందా లెక్క ఎట్ల అడగాల

రేయ్ మామా,

రేణిగుంట నుంచి నువ్వు రాసిన ఉత్తరం చదివినాను. నెలనెలా యూనియన్ చందా కడతా ఉన్నాం, లెక్క మాత్రం ఎవరూ చెప్పరు అన్నావే, దానికే ఈ జవాబు. గేటు మీటింగులో లేచి "దొంగ" అని మాత్రం అరవద్దు. అరిస్తే అది నీకూ నాయకుడికీ మధ్య గొడవైపోతుంది, యాజమాన్యం సంబరపడతాది. నువ్వు కాగితం అడుగు.

ముందు రసీదు బుక్కులు. వరస నంబరుండాల, ఏ బుక్కు ఎవరికిచ్చినారో రాసుండాల. నంబరు లేని బుక్కులు అచ్చేయించుకుంటే ఎంత వసూలైందో తేలేదే లేదు. లెక్కకు 400 మంది నెలకు 20 రూపాయలు కడతారనుకో, ఏడాదికి 96,000. యూనియన్ ఏటా రిజిస్ట్రార్‌కు పంపే లెక్క, అదే రిటర్నులో 250 మందినే చూపిస్తే 60,000. మిగతా 36,000 పుస్తకంలోకే ఎక్కలేదు, ఇంక ఆడిటరు పుస్తకం చూసి ఏం పట్టుకుంటాడు? అందుకే కౌంటర్‌ఫాయిళ్లు (రసీదు చించినాక బుక్కులో మిగిలే ముక్కలు), సభ్యుల జాబితా, బ్యాంకు పాస్‌బుక్కు పక్కపక్కన పెట్టి చూడాల. జీతంలోనే చందా కోసేచోట ఇంకా సులువు: కోసిందెంత, యూనియన్ ఖాతాలో పడిందెంత.

అయినా చందా చిన్నదిరా. పెద్దది వేతన ఒప్పందం దగ్గర. అరియర్స్ (పాత బకాయి జీతం) చేతికొచ్చిన రోజు "యూనియన్ ఖర్చులు" అని రసీదు లేకుండా తలా ఇంత గుంజుతారు. ఇంకా ఘోరం, నాయకుడి బామ్మర్ది పేరుమీద లేబర్ కాంట్రాక్టు. అది ఒక్కసారి తీసుకున్నాక కాంట్రాక్టు కూలీల పీఎఫ్, ఈఎస్ఐ గురించి ఆయన నోరెత్తలేడు, కట్టాల్సింది ఆయన ఇంటివాళ్లే కదా! పాతవాళ్లు "12(3)" అంటారే (పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో సెక్షన్ నంబరది), కార్మిక శాఖ రాజీ అధికారి ముందు కుదిరే ఆ ఒప్పందం యూనియన్‌లో లేనివాళ్లకీ, రేపు పనిలో చేరేవాళ్లకీ కూడా వర్తిస్తాది. ఒక్క సంతకానికి పిల్లోళ్లు ఏళ్లతరబడి తక్కువ జీతానికి కట్టుబడాల. సంతకానికి ముందే ముసాయిదా సర్వసభ్య సమావేశంలో చదవమని పట్టుబట్టండి, తీర్మానం మినిట్స్ బుక్కులో రాయించండి.

లెక్కల పుస్తకాలు చూసే హక్కు సభ్యుడికి 1926 ట్రేడ్ యూనియన్ల చట్టంలోనే ఉండింది, 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. పదిమంది సంతకాలతో కార్యదర్శికి అర్జీ రాయండి, రిజిస్టర్డ్ పోస్టులో పంపి అక్‌నాలెడ్జ్‌మెంటు కార్డు దాచండి. ఒక్కడివే సంతకం పెట్టొద్దు, మరుసటి రోజే షిఫ్టు మారిపోతాది. పలక్కపోతే ట్రేడ్ యూనియన్ల రిజిస్ట్రార్‌కు ఫిర్యాదు. దాంతోపాటే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, గత మూడేళ్ల వార్షిక రిటర్నుల నకళ్లు అడగండి. 30 రోజుల్లో జవాబియ్యాల.

విసిగిపోయి చందా మానేస్తామని కొందరంటున్నారని రాసినావు. వద్దని చెప్పు. చందా ఆగితే సభ్యత్వం పోతాది, ఓటు పోతాది, లెక్క అడిగే హక్కూ పోతాది. ఇప్పుడు కోడ్ ప్రకారం, ఒకటికి మించి యూనియన్లుండే చోట యాజమాన్యంతో బేరానికి ఒక్క యూనియనే కూర్చోవాలంటే దానికి 51 శాతం మంది కార్మికుల మద్దతుండాల, ఆ బలం కూడా కరిగిపోతాది.

పాత రసీదులు, జీతం చీటీలు పారేయొద్దు. నీ దగ్గరుండేవన్నీ నెలల వరసలో పేర్చి పెట్టు. అర్జీ రాసినాక నకలు నాకు పంపు, పోస్టు చేసేముందు ఒకసారి చూస్తాను.

నీ
మామ
తిరుపతి