పాపని నువ్వు కూడా గుండెకి కట్టుకో

చిరంజీవి నాన్నకి,

అమ్మ ఆశీస్సులు. కోడలికీ, పాపకీ కూడా.

నిన్న సాయంత్రం నువ్వు ఫోన్‌లో చూపించినప్పుడు పాప పొత్తిళ్ళలోంచి ఒక్క చెయ్యి బయటపెట్టి పడుకుంది. వేళ్ళు అగ్గిపుల్లల్లా ఉన్నాయి, కానీ గోళ్ళ కింద రంగు ఎర్రగా, చక్కగా ఉంది. నేను ముందు చూసుకున్నది అదే. ఇరవై ఆరు రోజులు ఆస్పత్రిలో ఉండి పిల్ల ఇంటికొచ్చింది. ఈపాటికి నేను మీ ఇంట్లో ఉండాల్సింది. టిక్కెట్టు తీసుకున్నాను, బట్టలు సర్దుకున్నాను, కోడలికని జీడిపప్పు వేయించి డబ్బాలో పోశాను. ఆ రాత్రే దగ్గు పట్టుకుంది. తెల్లారి లేచి టిక్కెట్టు రద్దు చేశాను.

మీ అత్తగారు ఏమనుకుంటారో అని ఒక పూటంతా మనసు బాగాలేదు. కానీ 32 వారాలకే పుట్టి, 1480 గ్రాములతో మొదలై, ఇప్పటికి 1820కి వచ్చిన పిల్ల దగ్గరికి దగ్గుతో నాయనమ్మైనా రాకూడదు. ముప్ఫై ఏళ్ళు ఏఎన్ఎంగా ఉద్దానం ఊళ్ళు తిరుగుతూ ఇంటింటికీ ఇదే చెప్పాను. మన ఇంటి దాకా వచ్చేసరికి మాట మార్చలేను.

ఫోన్‌లో ఎన్ని చెప్పినా నువ్వు "సరే అమ్మా" అంటావు, ఆ గాభరాలో సగం గుర్తుండదు. కాగితం మీద ఉంటే అర్ధరాత్రి రెండింటికి భయమేసినప్పుడు తీసి చదువుకుంటావు. పక్కింటి అబ్బాయి పైడితల్లమ్మ పండక్కి విజయనగరం వస్తున్నాడు, జీడిపప్పు డబ్బాతో పాటు ఇది కూడా అతని చేతే పంపిస్తున్నాను. గుమ్మం దగ్గరే తీసుకో, లోపలికి పిలవకు. ఏమీ అనుకోడు, అతనికి ముందే చెప్పాను.

నిన్న నువ్వన్న మాట ఒకటి రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. "ఎత్తుకోవాలంటే భయమేస్తోందమ్మా, నా చేతిలో ఏమైపోతుందో అని. ఆవిడే చూసుకుంటోంది, నేను మందులూ డైపర్లూ తెచ్చిపెడుతున్నా" అన్నావు. ఈ ఉత్తరం అసలు ఆ మాట కోసమే రాస్తున్నాను. నాన్నా, నువ్వు ఎత్తుకోవాలి. ఎత్తుకోవడమే కాదు, చొక్కా విప్పి ఆ పిల్లని నీ గుండెల మీద కట్టుకోవాలి, రోజూ, గంటల తరబడి.

ఆస్పత్రిలో కోడలికి నేర్పించిన కంగారూ కేర్ నీకు కూడా వర్తిస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లకి చర్మం కింద కొవ్వు ఉండదు. ఒంట్లో వేడి నిలవదు. ఆ వేడి పుట్టించుకోవడానికి తాగిన పాలన్నీ ఖర్చయిపోతాయి, ఇక బరువు ఎక్కడ పెరుగుతుంది? పెద్దవాళ్ళ ఒంటి వేడి తగిలితే ఆ ఖర్చు మిగులుతుంది, ఊపిరి కూడా కుదురుగా ఆడుతుంది. కొలంబియా దేశంలో బొగోటా అనే ఊళ్ళో 1978లో ఎడ్గర్ రే అనే డాక్టరు, ఆస్పత్రిలో వేడి పెట్టెలు చాలక, తల్లుల గుండెల మీదే పిల్లల్ని పెట్టడం మొదలుపెట్టాడని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 8 గంటల నుంచి 24 గంటల దాకా, ఎంత ఎక్కువైతే అంత మంచిదంటోంది. ఒక్క కోడలు అన్ని గంటలు ఎలా కూర్చుంటుంది చెప్పు? ఆపరేషన్ కుట్లు ఇంకా పూర్తిగా మానలేదు. ఆమె స్నానం చేసి, తిని, రెండు గంటలు పడుకునే వేళ నీది.

ఎలాగంటే, పాపకి డైపరు, టోపీ, కాళ్ళకి సాక్స్ మాత్రం ఉంచు. నీ ఛాతీ మీద నిలువుగా, కప్పలా కాళ్ళూ చేతులూ ముడిచి పెట్టు. తల ఒక పక్కకి తిప్పు. గడ్డం గుండెకి ఆనిపోకూడదు, మెడ వెనక్కి వాలిపోకూడదు. ముక్కూ నోరూ ఎప్పుడూ నీకు కనిపిస్తుండాలి. పైన మెత్తటి నూలు చీర రెండు మడతలేసి చెవి కిందుగా వచ్చేలా బిగించి కట్టు. గోడకి దిండు వేసుకుని వెనక్కి ఆనుకుని కూర్చో. నీకు కునుకు పట్టేలా ఉంటే మాత్రం పాపని కోడలికి ఇచ్చెయ్. విడిగా పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలానే పడుకోబెట్టాలి.

మగాడేంటి, ఇదేంటి అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన పలాస దగ్గరే తీరం దాటిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వప్పుడు హైదరాబాదులో ఉండి మా ఫోన్లు కలవక ఏడ్చావు. నా పరిధిలో ఒక ఊళ్ళో 1600 గ్రాముల పాప ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. కరెంటు లేదు, దారంతా కొబ్బరి చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. జీడి తోటల్లోంచి నడిచి మర్నాడు మధ్యాహ్నానికి ఆ ఇంటికి చేరాను. రేకులు లేచిపోయాయి, బట్టలన్నీ తడిసిపోయాయి. తల్లికి ఒళ్ళు కాలిపోతోంది. తండ్రి కొబ్బరి చెట్లెక్కే మనిషి, ఛాతీ అంతా చెట్టు రాపిడికి కాయలు కాసి ఉంది. ఆ ఛాతీ మీద, ఒక్కటే మిగిలిన పొడి లుంగీతో కట్టుకుని, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "రేతిరి నుంచీ ఇలాగే ఉన్నానమ్మా, దింపితే కాళ్ళు సల్లబడతన్నాయి" అన్నాడు. నేను చెయ్యి పెట్టి చూశాను. పాప పాదాలు వెచ్చగా ఉన్నాయి. మూడు రోజులు అతనూ, వాళ్ళమ్మా వంతులేసుకున్నారు. తల్లి పాలు పిండి ఇస్తే ఉగ్గుగిన్నెతో పట్టారు. ఆ పిల్ల ఇప్పుడు బడికి వెళ్తోంది.

పాదాలు చూడటం నువ్వూ నేర్చుకో. చేతి వెనక పక్క పెట్టి ముందు పొట్ట, తర్వాత పాదాలు తాకు. రెండూ వెచ్చగా ఉంటే హాయి. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడితే చలి మొదలైందని, వెంటనే గుండెకి కట్టుకోవాలి. రెండూ చల్లగా ఉంటే గుండెకి కట్టుకునే ఆస్పత్రికి బయల్దేరాలి. థర్మామీటరు చంకలో పెడితే 97.7 నుంచి 99.5 మధ్య ఉండాలి.

పాలు రెండు, రెండున్నర గంటలకోసారి, పగలూ రాత్రీ. నిద్రపోతోంది కదా అని వదలకూడదు, లేపి పట్టాలి. ఇలాంటి పిల్లలు ఆకలేసి లేవరు. కోడలి దగ్గర చీకి అలిసిపోతే పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టండి, ఆస్పత్రిలో దాన్నే పలాడై అని ఉంటారు. పాపని కూర్చోబెట్టినట్టు పట్టుకుని, గిన్నె మూతి పెదవి మూలకి ఆనించి చుక్క చుక్కగా. మింగిన తర్వాతే ఇంకో చుక్క. గిన్నె వాడిన ప్రతిసారీ కడిగి, నీళ్ళలో మరిగించాలి. సీసా వద్దు. తేనె, పంచదార నీళ్ళు, ఆముదం, వసకొమ్ము, ఏదీ నోట్లో పెట్టనివ్వకు. మీ అత్తగారు ప్రేమతోనే అంటారు, గట్టిగా మాట్లాడకు, డాక్టరు వద్దన్నారని చెప్పు. ఐరన్ చుక్కలు, డి విటమిన్ చుక్కలు చీటీలో ఎంత రాశారో అంతే.

ఇక్కడ నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ఇంటికి వెళ్ళాను. ఏడున్నర నెలలకే పుట్టిన పిల్ల, చేటలో గుడ్డలు పరిచి పడుకోబెట్టారు. "మా గుంట బంగారం లాటిది, అస్సలు ఏడవదు" అంది అమ్మమ్మ. నేనూ మురిసిపోయి, పిల్ల బాగుందని పుస్తకంలో రాసి వచ్చేశాను. ముట్టుకుని చూడలేదు. రెండు రోజుల తర్వాత వెళ్తే చేట గోడకి ఆనించి ఉంది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఏడవని పిల్ల మంచి పిల్ల కాదు నాన్నా, చలికో, ఆకలికో శక్తి లేక ఊరుకున్న పిల్ల కావచ్చు. పాప ఒక పూట మరీ మెతకగా ఉండి, లేపినా పాలు తాగకపోతే "పడుకోనీలే" అనుకోకు.

రాత్రిపూట ఊపిరి చూసి మీరిద్దరూ భయపడతారు. ఆస్పత్రిలో మిషను కూస్తుండేది, ఇప్పుడు ఆ చప్పుడు లేకపోవడమే టెన్షన్. ఇలాంటి పిల్లలు గబగబా కాసేపు పీల్చి, ఐదారు సెకన్లు ఆగి, మళ్ళీ పీలుస్తారు. అది మామూలే. కానీ ఆగడం 20 సెకన్లు దాటినా, పెదవులు నీలంగా మారినా, పక్కటెముకల కింద లోపలికి గుంటలు పడుతున్నా, పాప కదలకుండా ఉన్నప్పుడు నిమిషమంతా లెక్కపెడితే ఊపిరి 60కి తగ్గకపోయినా, అరచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా, జ్వరం వచ్చినా, ఒక్క ఫోను కూడా చేసి అడగకు, నన్నైనా సరే. 108 పిలువు.

స్నానం రెండున్నర కిలోలు దాటాక, అదీ డాక్టరు చెప్పాక. అప్పటిదాకా గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ పిండి ఒక్కో భాగం తుడిచి, తడి ఆర్చి, కప్పేయడమే. సాంబ్రాణి పొగ గదిలో వద్దే వద్దు. మన ఇళ్ళల్లో పురిటి గది అంటేనే సాంబ్రాణి, నాకూ ఆ వాసన ఇష్టమే, నిన్ను కూడా ఆ పొగలోనే పెంచాను. కానీ ఈ పిల్ల ఊపిరితిత్తులు ఇంకా నేర్చుకుంటున్నాయి. దోమల బత్తీ కూడా మానేసి వల కట్టు.

పండగ సంగతి. సిరిమాను ఉత్సవం మంగళవారం, మీ ఇంటికి ఎప్పటిలా పది మంది దిగుతారు. ఈ ఏడాదికి కుదరదని నువ్వే ముందుగా అందరికీ ఫోన్ చెయ్. కోడలి మీదికి తొయ్యకు, ఆమె చెబితే తప్పు పడతారు. ఎవరైనా వచ్చేసినా హాల్లోనే కాఫీ ఇచ్చి పంపు. ఆశా కార్యకర్త బరువు చూడటానికి వస్తే మాత్రం చేతులు సబ్బుతో కడిగించి లోపలికి రానియ్.

అన్నిటికంటే ముఖ్యం కంటి పరీక్ష. నెలలు నిండని పిల్లలకి కంటి వెనక రెటీనా మీద రక్తనాళాలు పూర్తిగా ఎదగవు, ఒక్కోసారి పిచ్చిగా పెరిగి చూపే పోవచ్చు. బయటికి ఏమీ కనపడదు. 34 వారాల లోపు గానీ, రెండు కిలోల లోపు గానీ పుట్టిన పిల్లకి 30 రోజులు దాటకముందే మొదటి పరీక్ష అయిపోవాలి, వాళ్ళు రమ్మన్నప్పుడల్లా మళ్ళీ వెళ్ళాలి. మీకు విశాఖలో రాసిచ్చిన తేదీ సోమవారం. అది తొలేళ్ళ రోజు, సిరిమానుకి ముందు రోజు. పండగ అయ్యాక వెళ్దాంలే అని ఎవరైనా అంటారు, వినకు. మూడు లాంతర్ల వైపు రోడ్లు నిండిపోక ముందే, తెల్లవారుజామునే కారు కదిలిపోవాలి. ఏసీ వెయ్యనివ్వకు. పిండిన పాలూ, ఉగ్గుగిన్నే, రెండు టోపీలూ పెట్టుకోండి. చెవి పరీక్ష ఎప్పుడో కూడా అక్కడే అడుగు.

టీకాలు పుట్టిన తేదీ లెక్కనే వేయించాలి, ఆరో వారంది ఆలస్యం చెయ్యకు. కానీ మెడ నిలపడం, బోర్లా పడటం, కూర్చోవడం, వీటికి మాత్రం రెండు నెలలు తీసేసి చూడు. మీ వదిన కొడుకుతో పోల్చి చూసే వాళ్ళు ఉంటారు. పట్టించుకోకు. ఇప్పటికి రోజుకి ఇరవై, ముప్ఫై గ్రాముల లెక్కన పెరిగితే చాలు.

ఆస్పత్రిలో ఎవరో "ఏడో నెల పిల్లైతే బతుకుతుంది, ఎనిమిదో నెల పిల్ల నిలవదు" అన్నారని కోడలు ఏడ్చిందట. ఆమెని కూర్చోబెట్టి, నేను రాశానని చదివి వినిపించు. కడుపులో ఎన్ని రోజులు ఎక్కువ ఉంటే ఊపిరితిత్తులు అంత ఎక్కువ ఎదుగుతాయి. ఎనిమిదో నెల పిల్లలకే బలం ఎక్కువ. నా చేతుల మీదుగా పెరిగిన ఎనిమిదో నెల పిల్లలు ఇప్పుడు నాకు పెళ్ళి శుభలేఖలు తెచ్చి ఇస్తున్నారు. కోడలికి నీళ్ళు తగ్గించడం, చారన్నం ఒక్కటే పెట్టడం లాంటి పథ్యాలు వద్దు. దాహమేసినప్పుడల్లా తాగాలి, పప్పూ కూరా గుడ్డూ అన్నీ తినాలి. జీడిపప్పు ఆమెకి పంపింది, నువ్వు ఖాళీ చెయ్యకు. రాత్రి ఒక పాలపూట నువ్వు లేచి పట్టు, ఆమె నాలుగు గంటలు వరసగా నిద్రపోతే పాలు కూడా బాగా పడతాయి. ఆమె ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, అది రెండు వారాలు దాటినా తగ్గకపోతే, డాక్టరుకి చెప్పడానికి మొహమాటపడకు.

దగ్గు పూర్తిగా తగ్గాక ఇంకో పది రోజులు చూసి బయల్దేరతాను. పొద్దుటి బండికే వస్తాను. స్టేషన్‌కి రావద్దు, నేను ఆటో చేసుకుని వచ్చేస్తాను. ఆ వేళకి కోడలు పడుకుని ఉంటుంది, పాప నీ మీద ఉంటుంది. తలుపు దగ్గరగా వేసి ఉంచు, గడియ పెట్టకు.

ఇట్లు,
మీ అమ్మ