ఫొటోలో ఉన్నారు, పేర్లలో లేరు: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

నేను రిటైరైన సర్వేయర్ని. ఈమధ్య మా పాత ఆఫీసు వేరే బిల్డింగులోకి మారుతోందని తెలిసి ఓసారి చూసొద్దామని వెళ్లాను. గోడల మీద ఉండే గ్రూప్ ఫొటోలన్నీ మెట్ల కింద, అద్దాలు పగిలి, బోర్లా పడి ఉన్నాయి. పాత సామానుతో పాటు తూకానికి వేసేస్తారట! బతిమాలి ఒకటి తెచ్చుకున్నాను, మా ట్రైనింగ్ బ్యాచ్‌ది.

దుమ్ము తుడిచి చూస్తే, కుర్చీల్లో ఆఫీసర్లు, వెనక బెంచీలెక్కి మేము, మధ్యలో స్టాండు మీద కోణాలు కొలిచే థియోడలైట్ (దానికి మాకన్నా మంచి చోటే దొరికింది). కింద అట్ట మీద "కూర్చున్నవారు, ఎడమ నుంచి కుడికి" అంటూ ఆఫీసర్ల పేర్లు డిగ్రీలతో సహా ఉన్నాయి. మా పేర్లూ ఉన్నాయి. గొలుసు చుట్టలు ముందు పెట్టుకుని నేల మీద కూర్చున్న నలుగురు చైన్‌మన్లకు (కొలత గొలుసు పట్టేవాళ్లకు) మాత్రం "ఇతర సిబ్బంది" అని ఒక్క మాట రాసి ఊరుకున్నారు. ఆ నలుగురిలో ఇద్దరి పేర్లే నాకు గుర్తొచ్చాయి. మిగతా ఇద్దరి కోసం పాత మిత్రులకు ఫోన్లు చేస్తే, ఒకాయన "అతనా, ఎంత గాలి వేసినా స్టాఫ్, అదే కొలత కర్ర, పిసరంత వంగనిచ్చేవాడు కాదు" అన్నాడు గానీ పేరు చెప్పలేకపోయాడు.

1927లో బ్రసెల్స్‌లో జరిగిన సాల్వే సదస్సు, అదే పేరున్న భౌతిక శాస్త్రవేత్తల సమావేశం, ఫొటో మీరు చూసే ఉంటారు. 29 మంది, మేరీ క్యూరీ, ఐన్‌స్టీన్ ముందు వరసలో, అందరి పేర్లూ ఈరోజుకీ దొరుకుతాయి. నాకు ఎక్కువ గుర్తుండేది మాత్రం 1911 సదస్సు ఫొటో. అది తీసినప్పుడు ఎర్నెస్ట్ సాల్వే అక్కడ లేరు, ఆయన బొమ్మ తర్వాత అతికించారు. డబ్బు పెట్టిన పెద్దమనిషి లేకపోయినా ఫొటోలోకి వచ్చేశాడు, మా చైన్‌మన్లు ఉండి కూడా లేకుండా పోయారు.

స్కాన్ చేయిస్తున్నాం కదా అంటారేమో. చేయించండి, కానీ స్కాన్ చేసేవాళ్లు చాలాసార్లు అట్ట మాసిపోయిందని కత్తిరించేస్తారు, వెనక్కి తిప్పి చూడరు. పేర్లుండేది అక్కడే కదండీ! చివరికి ఒక నంబరు ఫైలు మిగులుతుంది, అందులో ముఖాలుంటాయి, మనుషులుండరు. కలర్ ప్రింట్లు ముందు తీసుకోండి, అవి చీకట్లో పెట్టినా రంగు దిగిపోతాయి. వెండి కణాలతో బొమ్మ ఏర్పడే నలుపు తెలుపు ప్రింట్లు జాగ్రత్తగా ఉంచితే చాలాకాలం నిలుస్తాయి. దయచేసి లామినేషన్ మాత్రం వద్దు.

అసలు పని పేర్లది. ఫొటో మీద పల్చటి కాగితం పరిచి తలల చుట్టూ గీతలు గీసి, ఒక్కోదానికి నంబరు వేసి, ఆ కాగితం పెట్టుకుని పెన్షనర్ల దగ్గర కూర్చుంటే చాలు, పెద్ద మెషీన్లు అక్కర్లేదు. ఒకే ముఖానికి ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ రాయండి, ఎవరు చెప్పారో కూడా రాయండి. ఆన్‌లైన్‌లో పెట్టే ముందు ఇంట్లోవాళ్లని ఒక మాట అడగండి.

ఇది సర్వేయర్ల గొడవే కాదు, నర్సులు, లైన్‌మన్లు, కంపోజిటర్లు, ఎవరి ఆఫీసు మెట్ల కింద చూసినా ఇదే కథ. అందుకని ఏ ఆఫీసు ఖాళీ చేసినా గ్రూప్ ఫొటోలు మీ ఆర్కైవ్స్ వాళ్లు చూశాకే బయటికి వెళ్లాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. స్కానింగ్ బడ్జెట్‌లో కొంత పేర్లు రాసుకునేవాళ్ల కోసం పక్కన పెట్టండి. తొందరగా చేయండి సార్, మా బ్యాచ్‌లో ఫోన్ ఎత్తేవాళ్లు ఇప్పటికే బాగా తగ్గిపోయారు.

నేను గీసిన కాగితం మీద 27, 28 నంబర్ల పక్కన ఇంకా ఖాళీగానే ఉంది. ఆ కాగితం, ఫొటో, రెండూ నా దగ్గరే ఉన్నాయి, ఎవరికి అప్పగించాలో చెప్పండి, నేనే తెచ్చిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సర్వేయర్