నా పేరు మీద క్రిప్టో ఖాతా అడిగిన అమ్మాయికి

చి. సహజకు,
ఆశీస్సులు.

నా గుర్తింపు కార్డు ఫోటో, ఒక సెల్ఫీ ఇస్తే చాలని, నీకింకా 18 నిండలేదు కనుక, క్రిప్టో కొనే, అమ్మే ఎక్స్ఛేంజిలో నా పేరు మీద ఖాతా తెరిచి నువ్వే నడుపుకుంటానని రాశావు. ఇవ్వను. జవాబు మొదటే చెప్పేశాను కాబట్టి చివర్లో ఏముందోనన్న ఆత్రం లేకుండా మిగతాది నెమ్మదిగా చదువు. నీ వాదనలో బలం ఉంది. లేకపోతే ఫోనులో రెండు ముక్కల్లో తేల్చేసేదాన్ని.

"పెద్దవాళ్ళకు మాత్రం ఏం తెలుసని వాళ్ళను కొనుక్కోనిస్తున్నారు?" అని అడిగావు. న్యాయమైన ప్రశ్నే. 2022 మే నెలలో టెరా, లూనా అనే క్రిప్టో నాణేలు కుప్పకూలినప్పుడు కొద్ది రోజుల్లోనే దాదాపు 4,000 కోట్ల డాలర్ల విలువ ఆవిరైపోయింది. మునిగినవాళ్ళలో పెట్టుబడి నిధులు నడిపే నిపుణులూ ఉన్నారు. అదే ఏడాది నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజి దివాలా తీసింది. ఖాతాదారుల సొమ్ము కాజేసిన నేరానికి దాన్ని స్థాపించిన శామ్ బ్యాంక్‌మన్ ఫ్రైడ్‌కు 2024లో 25 ఏళ్ళ జైలు శిక్ష పడింది. అంతకుముందు ఆయనను మేధావి అని మోసినవాళ్ళంతా మీసాలు నెరిసినవాళ్ళే. తెలివి ఒక్కటే కొలమానమైతే నిన్ను ఆపే అర్హత మాలో చాలామందికి లేదు. ప్రైవేట్ కీ (నాణేలను కదిలించే రహస్య సంకేతం) అంటే ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది నువ్వే కదా.

ధర పడిపోతుందన్న భయం కూడా నా కారణం కాదు. బిట్‌కాయిన్ 2021 నవంబరులో 69,000 డాలర్ల దాకా వెళ్ళి, ఏడాది తిరిగేసరికి 16,000 కిందికి దిగింది. 2024 డిసెంబరులో మళ్ళీ పెరిగి లక్ష దాటింది. భయపడి అమ్ముకున్నవాళ్ళు నష్టపోయారు, ఓపిక పట్టినవాళ్ళు బాగుపడ్డారు. రేపు ఏమవుతుందో చెప్పగలిగితే నేను ఈ ఉద్యోగం చేస్తూ ఉండను. నీ పొదుపులో కొంత పోయినా నాకు పెద్ద దిగులు లేదు. పదిహేనేళ్ళప్పుడు చిన్న మొత్తం పోగొట్టుకోవడం ముప్ఫై అయిదేళ్ళప్పుడు ఇల్లు తాకట్టు పెట్టి పోగొట్టుకోవడం కంటే మేలన్న నీ మాట నాకు నచ్చింది కూడా.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. చాలా దేశాల చట్టాల్లో మైనర్లకు ఒక వెసులుబాటు ఉంటుంది. మైనర్ చేసుకున్న ఒప్పందానికి ఆ మైనర్‌ను కట్టిపడేయడం కష్టం. కొన్నది వద్దనుకుంటే, కొన్ని మినహాయింపులు పోగా, వెనక్కి తగ్గవచ్చు. మీకు బుద్ధి తక్కువని ఎవరో తేల్చినందుకు పెట్టిన ఏర్పాటు కాదిది. ఒక వయసు దాకా మనిషి తన నిర్ణయాలను రద్దు చేసుకోగలగాలని సమాజం అనుకుంది. చదువు మార్చుకుంటారు, ఇష్టాలు మార్చుకుంటారు, నిన్నటి ప్రాణస్నేహితుడి ముఖం ఇవాళ చూడరు. ఆ మార్పులకు జీవితాంతం మూల్యం చెల్లించే పని లేకుండా చూడడమే ఆ చట్టాల ఉద్దేశం. పదిహేడేళ్ళ పదకొండు నెలలకు లేని జ్ఞానం పద్దెనిమిదో పుట్టినరోజున హఠాత్తుగా రాదు, నిజమే. ఆ రోజు నుంచి మారేది ఒక్కటే, నీ సంతకానికి నువ్వు బాధ్యురాలివి.

క్రిప్టో లావాదేవీలన్నీ నమోదయ్యే ఉమ్మడి ఖాతా పుస్తకం, బ్లాక్‌చెయిన్, సరిగ్గా దీనికి ఎదురుగా నిలబడి ఉంది. ఒకసారి నమోదైన లావాదేవీని ఎవరూ చెరపలేకపోవడమే దాని గొప్ప. తప్పు చిరునామాకు పంపినా, వాలెట్‌ను (కీలు దాచే యాప్‌ను) తిరిగి తెరిచే పన్నెండు లేదా ఇరవైనాలుగు పదాల రికవరీ వాక్యాన్ని ఎవరో మాయమాటలు చెప్పి రాబట్టినా, అర్థం చేసుకోకుండా ఒక కాంట్రాక్ట్‌కు (చెయిన్ మీద తనంతట తానే నడిచే ప్రోగ్రాంకు) అనుమతి నొక్కినా, మొర పెట్టుకోవడానికి ఒక కిటికీ ఉండదు. 2016లో ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద నడిచిన ద డావో అనే నిధి నుంచి ఒక హ్యాకర్ ఆ చెయిన్ నాణేలు, సుమారు 36 లక్షల ఈథర్, లాగేశాడు. అప్పుడు ఈథీరియం వాళ్ళు చెయిన్ నియమాలే మార్చి ఆ సొమ్మును వెనక్కి తిప్పారు. ఫలితం ఏమిటో నీకు తెలుసు. తిప్పడం తప్పన్నవాళ్ళు పాత చెయిన్‌తోనే ఉండిపోయారు, అది ఈథీరియం క్లాసిక్ అయింది. అంత పెద్ద దొంగతనాన్ని రద్దు చేయడానికి ఒక ప్రపంచమే రెండుగా చీలవలసి వచ్చింది. నీ వాలెట్ నుంచి పోయిన దాని కోసం ఎవరు చీలుతారు?

రద్దు చేసుకునే హక్కు ఉన్న మనిషికి రద్దుకు వీల్లేని వస్తువు అమ్మితే ఆ హక్కు కాగితం మీద మిగులుతుంది. ఎక్స్ఛేంజిలు 18 నిండాలని పట్టుబట్టడానికి పిల్లల మీద ప్రేమ కారణమని నేను నమ్మను. రేపు నువ్వు ఒప్పందం చెల్లదంటే నష్టం తమ నెత్తిన పడుతుందని వాళ్ళ న్యాయవాదులు చెప్పి ఉంటారు. స్వార్థంతో పెట్టిన నిబంధనే అయినా మంచి నిబంధన. ఇప్పుడు నా కార్డుతో నువ్వు లోపలికి వెళ్ళావనుకో. చట్టం దృష్టిలో ఆ ఖాతా నాది, లాభం నాది, పన్ను నాది. నడిపేది వేరే మనిషని తెలిసిన రోజున ఖాతాను స్తంభింపజేసే అధికారం వాళ్ళది. మైనర్‌గా నీకున్న రక్షణ మాత్రం ఎక్కడా ఉండదు, ఎందుకంటే ఆ కాగితాల్లో నువ్వే లేవు. నీ ముఖం దాచిపెట్టి నీకు స్వేచ్ఛ ఇచ్చాననుకోవడం నాకు చేతకాదు.

అలాగని పిల్లలు క్రిప్టోను ముట్టుకుంటే నేరం అనేవాళ్ళతోనూ నేను ఏకీభవించను. ఫోనులో వాలెట్ తెరవడానికి ఎవరూ వయసు అడగరు, చెయిన్‌కు నీ పుట్టినరోజు తెలియదు. తలుపే లేని చోట కాపలా పెట్టలేం. మామూలు డబ్బు క్రిప్టోగా మారే గడప దగ్గర మాత్రమే నిబంధన నిలబడుతుంది, అంటే ఎక్స్ఛేంజిల దగ్గర. అక్కడ మైనర్ తన పేరుతో, తన ఒక్క సంతకంతో కొనకూడదు. సంరక్షకుల పేరు మీద, సంరక్షకుల బాధ్యతతో పిల్లల కోసం ఉంచవచ్చు. షేర్లకూ స్థలాలకూ చాలాచోట్ల ఉన్న పద్ధతే ఇది, కొత్తగా కనిపెట్టనక్కరలేదు. నన్ను చట్టం రాయమంటే ఇంతే రాస్తాను.

ఇక నీ రెండో వాదన, క్రిప్టోతో ధనవంతులైన పిల్లలు. ఎరిక్ ఫిన్‌మన్ సంగతి రాశావు. 2011లో, 12 ఏళ్ళ వయసులో, అమ్మమ్మో నానమ్మో ఇచ్చిన వెయ్యి డాలర్లతో ఒక్కొక్కటి సుమారు 12 డాలర్ల చొప్పున బిట్‌కాయిన్లు కొన్నాడు, 18 ఏళ్ళకు మిలియనీర్ అయ్యాడు. నిజమే. ఆ రోజుల్లో కొన్నవాళ్ళలో చాలామంది తమ నాణేలను మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజిలోనే ఉంచుకున్నారన్నదీ నిజమే. 2014లో సుమారు 8.5 లక్షల బిట్‌కాయిన్లు కనిపించడం లేదని చెప్పి అది మూతపడింది. ఎరిక్‌కు దూరదృష్టి ఉండవచ్చు. అదే దూరదృష్టి ఉండి, నాణేలు వేరేచోట దాచుకోనందుకు మునిగిన పన్నెండేళ్ళ పిల్లవాడిని ఎవరూ ఇంటర్వ్యూ చేయరు.

లండన్‌లో తిమింగలాల బొమ్మలు చేసిన అబ్బాయినీ ఉదాహరణగా చూపించావు. ఇక్కడ నువ్వు గమనించని విషయం ఒకటి ఉంది. 2021లో ఆ పన్నెండేళ్ళ పిల్లవాడు 3,350 బొమ్మలను ఎన్‌ఎఫ్‌టీలుగా (ఎవరివో చెయిన్‌లో నమోదు చేసిన డిజిటల్ వస్తువులుగా) తయారుచేసి అమ్మాడు. కొనలేదు, అమ్మాడు. కోడ్ నేర్చుకున్నాడు, పిక్సెల్ తిమింగలాలు గీశాడు, డబ్బు వచ్చింది. నువ్వు పంపిన కథల్లో ఎన్‌ఎఫ్‌టీలతో పైకొచ్చిన పిల్లలందరూ బొమ్మ చేసినవాళ్ళే. నువ్వేమో కొనేవాళ్ళ వరుసలో నిలబడతానని అడుగుతున్నావు.

అమ్మడం గురించి ఎత్తాను కాబట్టి దాని చీకటి వైపు కూడా చెప్పాలి. 2024 నవంబరులో బడికి వెళ్ళే వయసున్న ఒక అబ్బాయి ప్రత్యక్ష ప్రసారంలో మీమ్ కాయిన్ (ఇంటర్నెట్ జోకుల పేరుతో పుట్టే నాణెం) ఒకటి సృష్టించాడు. జనం ఎగబడి కొని ధర పెంచగానే తన వాటా మొత్తం అమ్మేసి నిమిషాల్లో దాదాపు 30,000 డాలర్లు వెనకేసుకున్నాడు. కొన్నవాళ్ళు ఊరుకోలేదు. అతని వివరాలు, కుటుంబం వివరాలు బయటపెట్టి వేధించారు. మా తరం దీన్ని పిల్లల అమాయకత్వం అని కొట్టిపారేస్తుంది. నాకు అలా అనిపించలేదు. తన చేతిలోని టోకెన్లు కొనేది మనుషులేనన్న ఊహ ఆ పిల్లవాడికి రాకుండా ఆ వేదిక తయారైంది. తెర మీద కనబడేది ఒక గీత, పైకో కిందికో. నిన్ను మోసపోకుండా కాపాడాలని అందరూ అంటారు. నువ్వు మోసం చేయకుండా ఉండాలన్నది నాకు అంతకంటే ముఖ్యం.

ఎన్‌ఎఫ్‌టీల మీద నాకు గౌరవం తక్కువ, దాచుకోను. 2021 మార్చిలో బీపుల్ అనే కళాకారుడి డిజిటల్ కూర్పు క్రిస్టీస్ వేలంలో 6.93 కోట్ల డాలర్లకు పోయింది. అదే నెలలో ట్విట్టర్ స్థాపకుల్లో ఒకరైన జాక్ డోర్సీ మొదటి ట్వీట్ ఎన్‌ఎఫ్‌టీగా 29 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఏడాది తర్వాత ఆ ట్వీట్‌ను మళ్ళీ వేలానికి పెడితే, గడువు ముగిసేసరికి వచ్చిన గరిష్ఠ ధర 300 డాలర్లు కూడా లేదు. ఇందులో వింత ఏమీ లేదు. సాధారణంగా కొనేవాళ్ళ చేతికి వచ్చేది ఒక నమోదు, అందులో బొమ్మ ఎక్కడుందో చెప్పే లంకె. కాపీరైట్ చాలాసార్లు గీసినవాళ్ళ దగ్గరే ఉంటుంది. బొమ్మ ఇంకెవరిదో సర్వర్‌లో ఉంటుంది. ఎఫ్‌టీఎక్స్ మునిగాక, దాని సైట్ మీద ఆధారపడిన ఎన్‌ఎఫ్‌టీల బొమ్మలు తెరుచుకోవడం మానేశాయి. టోకెన్ చెక్కుచెదరలేదు పాపం, చూడడానికే ఏమీ మిగల్లేదు.

"అందరూ చెప్తున్నారు" అని కూడా ఒకచోట రాశావు. ఆ అందరిలో ఎవరికి ఎంత ముట్టిందో అడుగు. అమెరికా టీవీ తార కిమ్ కర్దాషియాన్ ఇన్‌స్టాగ్రామ్‌లో ఈథీరియం మ్యాక్స్ అనే టోకెన్‌ను మెచ్చుకున్నారు. అందుకు తాను 2,50,000 డాలర్లు తీసుకున్న సంగతి చెప్పలేదు. 2022లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్‌తో రాజీ కుదుర్చుకుని 12.6 లక్షల డాలర్లు కట్టవలసి వచ్చింది. అంత పేరున్నవాళ్ళే అలా ఉంటే, ముఖం కనబడని ఖాతాలు నీకు ఉచితంగా సలహా ఎందుకిస్తాయి?

నీ మూడో వాదనే నన్ను ఇబ్బంది పెట్టింది. ఆటల్లో స్కిన్‌లు (పాత్రలకు తొడిగే వేషాలు) కొంటుంటే ఎప్పుడూ అడ్డు చెప్పలేదు, వాటి విలువ ఎలాగూ సున్నాయే, మరి క్రిప్టోకు ఎందుకు అడ్డు అన్నావు. స్కిన్ కొనేటప్పుడు ఆ డబ్బు ఖర్చయిపోయిందని నీకు తెలుసు. అది పెరుగుతుందని తెల్లవారుజామున లేచి చూడవు. మైన్‌క్రాఫ్ట్ తయారుచేసే మోజాంగ్ సంస్థ 2022 జులైలో తమ ఆటలో ఎన్‌ఎఫ్‌టీలకు చోటు లేదని ప్రకటించింది. కృత్రిమమైన కొరత, ఉన్నవాళ్ళు లేనివాళ్ళు అన్న తేడా, లాభం మీదికి మళ్ళే ధ్యాస ఆటను చెడగొడతాయన్నది వాళ్ళ వాదన. నాకు నచ్చింది. అయినా, ఏముందో తెలియని పెట్టెలు డబ్బిచ్చి తెరిచే ఆటల విషయంలో నీ మాటకు నా దగ్గర జవాబు లేదు. అవీ జూదానికి దగ్గరి చుట్టాలే. వచ్చే నెల నుంచి వాటికీ నా కార్డు వాడవద్దు. నీ వాదన గెలిచింది, ఫలితం మాత్రం నువ్వు కోరుకున్నట్టు లేదు.

ఇప్పుడు నేను ఇవ్వగలిగినది. మొదట ఈథీరియం సాధన చెయిన్ అయిన టెస్ట్‌నెట్‌లో వాలెట్ తెరువు. అక్కడి ఈథర్‌కు విలువ లేదు, ఉచితంగా దొరుకుతుంది, మిగతా పద్ధతంతా అసలుదే. నీ బొమ్మలతో ఒక ఎన్‌ఎఫ్‌టీ చెయ్యి, కాంట్రాక్ట్ రాయి, తప్పు చిరునామాకు కావాలనే కొంత పంపి చూడు. అది తిరిగి రాకపోవడం ఎలా ఉంటుందో పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది.

ఆ తర్వాత కూడా కావాలంటే, పోయినా నువ్వు నెల తిరక్కుండా మరిచిపోగలిగేంత మొత్తంతో నేను నా ఖాతాలో, నా పేరు మీద బిట్‌కాయిన్ కొంటాను. మీమ్ కాయిన్లు, ఎన్‌ఎఫ్‌టీలు కొనను. పన్ను నేనే కడతాను. కొన్నదాన్ని ఎక్స్ఛేంజిలో ఉంచకుండా మల్టీసిగ్ వాలెట్‌కు మారుద్దాం. మూడు కీలు, ఏ రెండు కలిసినా కదులుతుంది. ఒకటి నీ దగ్గర, ఒకటి నా దగ్గర. ఎప్పుడు అమ్మాలో నువ్వే నిర్ణయించు. నాకు నచ్చకపోయినా సంతకం పెడతాను, కాకపోతే నువ్వు అడిగిన మరునాడు పెడతాను. చెయిన్‌లో లేని రద్దు మీటను మన ఇద్దరి మధ్య ఒక రోజు పాటు పెట్టుకుందాం. నీకు 18 నిండిన రోజున నా కీ నీకు ఇచ్చేస్తాను.

మూడోది నాన్న దగ్గర ఉంచుదామనుకున్నాను. కానీ కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషికి 24 పదాల కాగితం ఇవ్వడం గురించి నువ్వే ఆలోచించి రాయి.

అమ్మ