సెటిల్ చేసుకున్న అప్పుకు గడువు ఎప్పుడు తీరుతుంది? రిజర్వు బ్యాంకు గవర్నర్ గారికి బహిరంగ లేఖ

భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నర్ శ్రీ సంజయ్ మల్హోత్రా గారికి,

నమస్కారాలు.

బ్యాంకు ఒప్పుకుంటేనే ఇల్లు అమ్మి, బ్యాంకు చెప్పిన మొత్తం కట్టి, బ్యాంకు చేతి నుంచే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకున్న కుటుంబానికి మళ్లీ ఇంటి లోన్ ఎప్పుడు దొరుకుతుంది? ఎంత వెతికినా ఈ ప్రశ్నకు మీ సర్క్యులర్లలో సూటి జవాబు నాకు కనబడలేదు. ఆ జవాబు మీరు రాసిపెట్టాలని అడగడానికే ఈ లేఖ.

మాది విజయవాడ. మా ఆయనకు చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉండేది. శుభలేఖలు, బిల్లు బుక్కులు, స్కూళ్లకు ప్రశ్నపత్రాలు వేసేవారు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇద్దరి పేరు మీదా లోన్ తీసుకుని ఫ్లాట్ కొనుక్కున్నాం. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే పెళ్లిళ్లు ఆగాయి, స్కూళ్లు మూతపడ్డాయి. ప్రెస్సు ఆదాయం, నా జీతం ఒకేసారి ఆగిపోయాయి. ఆగస్టు 31 వరకు మారటోరియం ఇచ్చారు. వాయిదా ఆగింది గానీ వడ్డీ ఆగలేదు. 2021లో రెండో వేవ్ వచ్చాక ఇక లాక్కురాలేకపోయాం. వాయిదా కట్టక 90 రోజులు దాటాయి, ఖాతా ఎన్‌పీఏ అయింది, అంటే మొండి బాకీ కింద పడింది. తాకట్టు ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇంటికొచ్చింది.

వేలం దాకా పోనివ్వలేదు. మేమే కొనేవాళ్లను వెతుక్కుని, బ్యాంకుకు ముందే చెప్పి, 2022లో ఫ్లాట్ అమ్మేశాం. వచ్చిన డబ్బంతా నేరుగా లోన్ ఖాతాకే వెళ్లింది. అయినా కొంత తక్కువ పడింది. ఆ మిగతాది వదిలేస్తున్నామని, వన్ టైమ్ సెటిల్‌మెంట్ కింద ఖాతా ముగిస్తున్నామని బ్యాంకు లెటర్ ఇచ్చింది. పూర్తిగా, చివరిగా పరిష్కారమైందని అందులో రాశారు. అప్పుల చరిత్ర చూపించే సిబిల్ రిపోర్టులో మా పేర్ల పక్కన ఏం పడుతుందో, అది ఎన్నేళ్లు ఉంటుందో మాత్రం ఒక్క ముక్క లేదు. మాకు ఎవరూ నోటితోనూ చెప్పలేదు.

రిపోర్టులో పడిన మాట ‘సెటిల్డ్’, అంటే అప్పు పూర్తిగా కట్టకుండా రాజీతో ముగించారని. ఆ తర్వాత తీసుకున్న బంగారం లోన్లు, ఎక్కువ వడ్డీకి తీసుకున్న స్కూటర్ లోన్ ఒక్క వాయిదా తప్పకుండా కట్టాం. నా ఉద్యోగం నిలకడగా ఉంది. స్కోరు కూడా మెల్లగా పైకొచ్చింది. కానీ ఇంటి లోన్ అడిగితే స్కోరు దాకా వెళ్లనే వెళ్లరు. “సెటిల్డ్ అని ఉంది మేడమ్, ఫైల్ లాగిన్ కాదండీ” అంటారు, అంటే దరఖాస్తే తీసుకోరు. ఇంకో చోట ప్రయత్నిస్తే మా రిపోర్టు చూసినట్టు అందులో మళ్లీ ఒక ఎంక్వైరీ పడుతుంది, ఆ ఎంక్వైరీల వల్ల స్కోరు ఇంకొంచెం తగ్గుతుంది. అడిగే కొద్దీ అర్హత తగ్గిపోయే పద్ధతి ఇది.

ఇప్పుడు మీ నిబంధనల దగ్గరికి వస్తాను. రాజీ పరిష్కారాల మీద రిజర్వు బ్యాంకు 2023 జూన్ 8న ఒక సర్క్యులర్ ఇచ్చింది. రాజీ చేసుకున్నవాళ్లకు అదే బ్యాంకు మళ్లీ అప్పివ్వాలంటే కనీసం 12 నెలలు ఆగాలని అందులో ఉంది. వ్యవసాయ రుణాలకైతే ఆ గడువును బ్యాంకుల బోర్డులే పెట్టుకోవచ్చు. ఉద్దేశపూర్వకంగా ఎగ్గొట్టినవాళ్లతోనూ, మోసం ఖాతాలవాళ్లతోనూ బ్యాంకులు రాజీ చేసుకోవచ్చని కూడా అదే సర్క్యులర్ చెబుతోంది, వాళ్ల మీద క్రిమినల్ కేసులు వేరుగా నడుస్తాయనే షరతుతో. బ్యాంకులు తమ డబ్బు తాము రాబట్టుకోవాలి కాబట్టి దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ 12 నెలలు కింది హద్దు మాత్రమే. పై హద్దు లేదు. మూడేళ్లా, అయిదేళ్లా, ఎప్పటికీ కాదా అన్నది ఏ బ్యాంకుకా బ్యాంకు లోపల తేల్చుకుంటుంది, బయటికి చెప్పదు. మరోవైపు సిబిల్ లాంటి క్రెడిట్ సమాచార సంస్థలు రికార్డును కనీసం ఏడేళ్లు దాచాలని 2006 నాటి నిబంధన. అక్కడా కనీసమే, గరిష్ఠం లేదు. రెండు కింది హద్దుల మధ్య ఇరుక్కున్న మనిషికి ఫలానా తేదీ నుంచి నువ్వు మళ్లీ అడగొచ్చు అని చెప్పే నాథుడు లేడు.

మిగతా అప్పు ఇప్పుడు కట్టేసి ‘సెటిల్డ్’ను ‘క్లోజ్డ్’గా, అంటే పూర్తిగా కట్టేసినట్టుగా మార్పించుకోవచ్చు కదా అని చాలామంది సలహా ఇస్తారు. మేమూ అందుకే ఆ బ్యాంకుకు వెళ్లాం, డబ్బు కడతామన్నాం. ఖాతా మూసేశామని, జమ చేసుకోవడానికి నంబరే లేదని బ్రాంచిలో చెప్పారు. రికవరీ విభాగాన్ని అడగమన్నారు. వాళ్లు మళ్లీ బ్రాంచికే పంపారు. కడతానంటే తీసుకునే కౌంటర్ లేకపోవడం ఎంత బాధగా ఉంటుందో, ఒకప్పుడు కట్టలేక నోటీసులు అందుకున్నవాళ్లకే తెలుస్తుంది.

ఫిర్యాదు చేద్దామంటే దారి అక్కడా లేదు. రిపోర్టులో తప్పు ఉండి, ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నియమం అమల్లోకి తెచ్చారు. క్రెడిట్ సమాచార సంస్థలను 2022లోనే ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పరిధిలోకి తెచ్చారు. ఇవి నిజంగా మంచి పనులు, మాకు తెలిసినవాళ్లెందరో వీటివల్ల బాగుపడ్డారు. కానీ మా రిపోర్టులో తప్పు లేదు. మేం సెటిల్ చేసుకున్న మాట నిజమే. తప్పు రాతకు మందుంది, నిజమైన రాతకు గడువు లేదు.

ఇంకో సంగతి మీరు ప్రత్యేకంగా చూడాలని కోరుతున్నాను. మహిళ పేరు ఉంటే వడ్డీలో కొంచెం తగ్గిస్తామని చాలా బ్యాంకులు చెబుతాయి. అందుకోసం భార్యను కో-అప్లికెంట్‌గా చేరుస్తారు. వ్యాపారం భర్తది, దెబ్బతిన్నది ఆ వ్యాపారం, మచ్చ మాత్రం ఇద్దరికీ సమానంగా పడుతుంది. రేపు పిల్లల చదువు లోన్‌కు తల్లో తండ్రో కో-బారోయర్‌గా సంతకం పెట్టాలంటే ఇద్దరిలో ఎవరి రిపోర్టు తీసినా అదే మాట కనిపిస్తుంది. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఇల్లు లేకపోయినా అద్దె ఇంట్లో సర్దుకుంటాం. వాడి సీటు విషయంలో ఇదే అడ్డుపడుతుందేమోనన్న టెన్షన్ మాత్రం మమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు.

అమెరికాలో ఉన్న మా చుట్టాలను అడిగితే అక్కడి పద్ధతి చెప్పారు. అప్పు కంటే తక్కువ ధరకు బ్యాంకు ఒప్పుకోలుతో ఇల్లు అమ్మడాన్ని అక్కడ షార్ట్ సేల్ అంటారు. మేం చేసిందీ అదే. బ్యాంకుల నుంచి ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే అనే సంస్థ నియమాల ప్రకారం, షార్ట్ సేల్ తర్వాత మళ్లీ ఇంటి లోన్‌కు నాలుగేళ్లు ఆగాలి. తన చేతిలో లేని కారణంతో ఆదాయం ఒక్కసారిగా పడిపోయిందని కాగితాలతో చూపించగలిగితే రెండేళ్లు చాలు. ప్రభుత్వ హామీ ఉండే ఎఫ్‌హెచ్‌ఏ లోన్‌కు మామూలుగా మూడేళ్లు. నాలుగేళ్లు తక్కువేమీ కాదు. అయినా ఆ అంకె అందరికీ కనబడేలా రాసి ఉంది, కాబట్టి ఆ కుటుంబం క్యాలెండర్ చూసుకుని డబ్బు కూడబెట్టుకోగలదు. పైగా ఎందుకు కట్టలేకపోయావు అని అక్కడ అడుగుతారు. మన రిపోర్టులో 36 నెలల వాయిదాల చరిత్ర నెలనెలా గడులు కట్టి కనిపిస్తుంది. కారణం రాయడానికి మాత్రం ఒక్క గడి ఉండదు. లాక్‌డౌన్‌లో ప్రెస్సు మూసుకున్న మనిషీ, డబ్బుండి తిప్పించుకున్న మనిషీ అక్కడ ఒకే వరుసలో నిలబడతారు.

బ్యాంకులకు భయం ఉండటం సహజం. సెటిల్ చేసుకున్నవాళ్లకు సులువుగా అప్పిస్తే, కట్టగలిగినవాళ్లు కూడా సెటిల్‌మెంట్ కోసం ఎదురుచూస్తారని వాళ్ల వాదన. అందుకే సులువుగా ఇమ్మని నేను అడగడం లేదు. 30 లక్షల లోపు ఇంటి లోన్‌కు ఆస్తి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని మీ నిబంధన ఉంది. మాలాంటివాళ్లకు 60 శాతమే ఇవ్వనివ్వండి. మిగతాది మేం ముందే తెచ్చుకుంటాం. వడ్డీ అర శాతం ఎక్కువ వేయనివ్వండి, రెండేళ్లు సక్రమంగా కట్టాక తగ్గించమనండి. ఇవన్నీ భరించగలం. మా ఫైలు చూడకుండానే పక్కన పడేయడాన్ని భరించడం కష్టంగా ఉంది. బ్యాంకు తలుపు మూసుకుంటే జనం ఎక్కడికి పోతారో మా ఊరికి బాగా తెలుసు. 2015 డిసెంబరులో ఇక్కడ అధిక వడ్డీకి అప్పులిచ్చి జనాన్ని వేధించిన కాల్ మనీ వ్యవహారం బయటపడినప్పుడు రాష్ట్రమంతా చూసింది.

మొదటిసారి లోన్ అడిగేవాళ్లను పాత చరిత్ర లేదన్న కారణంతో తిరస్కరించవద్దని రిజర్వు బ్యాంకు చెప్పిందని, కనీస స్కోరు ఇంత ఉండాలని ఎక్కడా పెట్టలేదని 2025లో ఆర్థిక శాఖ లోక్‌సభకు తెలిపింది. సెటిల్‌మెంట్ తర్వాత 24 నెలలు ఏ వాయిదా తప్పనివాళ్ల విషయంలోనూ అలాంటి మాటే ఒకటి ఆదేశంగా రావాలి: ‘సెటిల్డ్’ అన్న ఒక్క మాటతో తిరస్కరించకూడదు, ఫైలు తీసుకుని పరిశీలించి, కాదంటే కారణం రాసివ్వాలి. 2025 జనవరి నుంచే బ్యాంకులు క్రెడిట్ సమాచార సంస్థలకు కనీసం 15 రోజులకోసారి సమాచారం పంపాలన్న నియమం వచ్చింది కాబట్టి, ఎవరు సక్రమంగా కడుతున్నారో తెలుసుకోవడం ఇప్పుడు కష్టం కాదు. సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టించుకునే ముందు, రికార్డులో ఏం పడుతుందో, ఎన్నాళ్లు ఉంటుందో అప్పు తీసుకున్న మనిషి భాషలో ఒక పేజీ ఇవ్వడం తప్పనిసరి చేయండి. వదిలేసిన మొత్తాన్ని తర్వాత కట్టడానికి ముందుకొస్తే బ్యాంకు తీసుకుని తీరాలని, 30 రోజుల్లో ‘క్లోజ్డ్’ అని మార్చాలని చెప్పండి. ఆస్తి కాగితాలు తిరిగివ్వడానికి 30 రోజుల గడువు, ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు అని 2023లో మీ సంస్థే పెట్టింది. అదే పద్ధతి ఇక్కడికీ పనికొస్తుంది.

దయచేసి దీని మీద ఒక ముసాయిదా విడుదల చేసి, ప్రజల అభిప్రాయాలు అడగండి. తెలుగులో రాసినవీ తీసుకోండి. ముసాయిదా వస్తే మా సెటిల్‌మెంట్ లెటరు, నో డ్యూస్ సర్టిఫికెట్, ఆ తర్వాత కట్టిన ప్రతి వాయిదా రసీదు జతచేసి పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక ప్రైవేటు స్కూలు టీచరు,
విజయవాడ